రెండు మెషిన్లు, ఒకే డిస్కుల పెట్టె

కంటి ఆసుపత్రికి ఆదివారం రోగులు రారు. అందుకే సర్వర్ల అమ్మాయి ఆ మధ్యాహ్నమే పని పెట్టుకుంది. పాత సర్వర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషిన్‌ని కొత్త సర్వర్‌లోకి పంపాలి. మెషిన్ తనంతట తానే వెళ్తుంది. దానికి తగిలించిన డిస్కుల పెట్టె మాత్రం వెళ్లదు. ఇన్నేళ్లుగా తీసిన కళ్ల ఫొటోలన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఏదైనా తేడా వస్తే వెనక్కి రావచ్చని పాత కేబుల్ పీకకుండానే, పెట్టె నుంచి కొత్త సర్వర్‌కు ఇంకో కేబుల్ వేసింది.

పిన్ని ఫోన్ చేసింది. అక్కడ ఫొటోలు తీసేది ఆవిడే, ఈ ఉద్యోగం ఇప్పించిందీ ఆవిడే.

“ఏమే, కాపురం మారిందా?”

“మారింది పిన్నీ. సామాను సర్దడమే మిగిలింది.”

“జాగ్రత్త. బడి నుంచి ఒంటి చెప్పుతో వచ్చేదానివి.”

నవ్వుకుంటూ, పాత సర్వర్‌లో ఇంకా అలాగే ఉన్న పాత మెషిన్‌ని ఆపేసింది. పాత సర్వర్‌ని ర్యాక్‌లో కిందికి జరిపి, కేబుళ్లన్నీ ఎక్కడివక్కడ పెట్టి మళ్లీ ఆన్ చేసింది. సర్వర్ లేస్తే పాత మెషిన్ కూడా దానంతటదే లేచేలా ఎప్పుడో తనే పెట్టిన సంగతి గుర్తు రాలేదు. రాత్రంతా రెండు మెషిన్లూ ఆ పెట్టె నాదంటే నాదని ఒకటి రాసినదాని మీద ఇంకొకటి రాసుకుంటూ పోయాయి. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని ఆమెకు తెలియక కాదు.

సోమవారం ఏ ఫొటో తెరిచినా బూడిదరంగు చారలే. బ్యాకప్ వెతికింది. రోజూ ‘విజయవంతం’ అని మెసేజ్ పంపిన బ్యాకప్‌లో మెషిన్ ఉంది, బయట తగిలించిన పెట్టె లేదు. అది ఆ పెట్టెను ఏనాడూ ముట్టుకోలేదు. ఆమె ఏనాడూ తెరిచి చూడలేదు.

పిన్ని గదికి వెళ్లింది. లోపల ఒక వడ్రంగి కూర్చుని ఉన్నాడు. కంటి నరం ఎండిపోతోందని ఏటా వచ్చే మనిషి.

“పిన్నీ, పాతవి ఇక రావు,” అంది మెల్లగా.

“ఎన్ని?”

“ఏవీ రావు.”

పిన్ని చేతిలోని దూదిని చాలాసేపు నలిపింది.

“ఏమ్మా, కిందటేటి కంటే జబ్బు పెరిగిందా?” అన్నాడు వడ్రంగి.

“పోల్చి చూడ్డానికి పాత ఫొటోలు పోయాయండీ. మళ్లీ మొదటినుంచి చూసుకుంటూ రావాలి,” అంది పిన్ని.

“మొదట్లో నాకు రెండు కళ్లూ బాగానే కనపడేవమ్మా.”

పిన్ని అతని గడ్డాన్ని యంత్రం మీద సరిగ్గా ఆనించింది. తర్వాత తల తిప్పకుండానే అంది.

“డాక్టరుగారికి నువ్వే వెళ్లి చెప్పు. నాచేత చెప్పించకు.”