పోటు నీటి రుచి

నది తనంతట తానే దారి మార్చుకుంటుందా, దేవుడు మళ్ళిస్తాడా అన్న సందేహం నాకు ఏళ్ళుగా ఉంది. మసీదులో పెద్దలను అడిగితే రెండూ ఒకటేనన్నారు. నా మనసుకు పూర్తిగా ఎక్కలేదు. పక్కింటి బకెరోను అడిగితే, "ఎవరు తిప్పినా బోదె తవ్వాల్సింది మనమేగా" అన్నాడు.

ఆ అమావాస్య ఉదయం అతను వాకిట్లో గొంతుక్కూర్చుని, కొబ్బరి పీచుతో పార అంచు తోముతున్నాడు. బక్కపలచని మనిషి. మడమల పగుళ్ళలో ఎండిన బురద తెల్లగా మెరుస్తోంది. భార్య జుహురా చేపల పులుసు, మొక్కజొన్న ముద్ద తెచ్చి ముందు పెట్టింది.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది."

ఆమె పులుసులో ఉప్పే వెయ్యలేదు. కుండ మీద మూత పెట్టింది.

మా ఊరు దాటాక తానా నది వంపు తిరిగి, మడచెట్ల మధ్య వెడల్పై, కిపిని ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పోటు వస్తే సముద్రం నదిని వెనక్కి నెడుతుంది. ముందు ఎగదన్నేది మంచినీరు, దాని వెనక ఉప్పు. ఆ సందులోనే కట్టకు గండి కొట్టి, మళ్ళలోకి నీరు పెట్టుకుని, పూడ్చెయ్యాలి. నీరు నోట్లో పోసుకుని రుచి చూసి, ఎప్పుడు కొట్టాలో ఎప్పుడు పూడ్చాలో చెప్పేది బకెరో. ఆ ఏడు ఎగువన వానలు లేవు. నది నీరసించి, ఉప్పు తాటిచెట్ల వంపు దాకా వచ్చేసింది. వరి నారు వాడి పసుపుబారుతోంది. పెద్ద పోటు మళ్ళీ పౌర్ణమికిగాని రాదు, అప్పటిదాకా నారు బతకదు. ఉప్పు ఎక్కితే మడి నేలే పనికిరాకుండా పోతుంది.

కట్ట మీద పారలు పట్టుకుని అందరం నిలబడ్డాం. నీరు పెరుగుతోంది. బకెరో దోసిలి ముంచి, పుక్కిలించి, ఉమ్మాడు. మళ్ళీ ముంచాడు. మళ్ళీ.

"ఏం బకెరో, నది నీ పెళ్ళామా, అన్నిసార్లు నోరు పెడుతున్నావ్?" అంది విధవరాలు మ్వనైషా. బోదె మొదట ఉన్న మడి ఆమెది. ఉప్పు వస్తే ముందు కాలేది అదే.

అందరూ నవ్వారు. బకెరో నవ్వలేదు.

"నువ్వు చూడు, మ్వనైషా."

"నేనా? నీ నాలిక్కేమైంది?"

"జ్వరం వచ్చి పోయాక ఏమీ తెలీట్లేదు."

"మరి పోయిన పౌర్ణమికి ఎట్లా చెప్పావ్?"

"దూడ తాగుతుంటే చూసి చెప్పా."

ఆమె నడుముకు చుట్టుకున్న బట్ట ఎగదోపుకుని దిగి, దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుంది. కళ్ళు మూసుకుని చాలాసేపు ఉంచుకుని మింగింది.

"మంచినీళ్ళే. ఆకు కుళ్ళిన వాసన, అంతే."

మొదటి పార బకెరోనే వేశాడు. నీరు చప్పుడు లేకుండా మళ్ళలోకి పాకింది. మ్వనైషా నడుములోతు నీళ్ళలోనే నిలబడి రుచి చూస్తూ ఉంది. "చాలు. నాలిక చివర ఉప్పు తగులుతోంది" అనగానే గండి పూడ్చాం. బకెరో మట్టిని అరికాలితో తొక్కి, కట్టకు చేరగిలబడ్డాడు.

"నది పాత పాయ వదిలేసిన ఏడు నీ దగ్గర బుట్టెడు విత్తనాలు తెచ్చుకున్నా" అన్నాడు ఆమెతో. "ఈసారి పండితే ఇచ్చేస్తా."

"అప్పుడు నాకు పళ్ళన్నీ ఉండేవి. ఇప్పుడా గుర్తొచ్చింది?"

"మరిచిపోయి కాదు. ఏ ఏటి పంట ఆ ఏటి తిండికే అయ్యేది."

"సర్లే. పండనీ."

నమాజుకు పిలుపు వినిపించింది. నిద్రపోతున్నాడనుకుని బకెరో భుజం తట్టాను. ఒళ్ళు నా మీదికి ఒరిగింది. పాదాలకు బురద ఇంకా తడిగానే ఉంది. పొద్దు వాలకముందే ఖననం చేశాం.

ఆ మళ్ళు పండాయి. కోతలయ్యాక జుహురా బుట్టెడు విత్తనాలు నెత్తిన పెట్టుకుని మ్వనైషా ఇంటికి వెళ్ళింది.

"ఆయన ఇవ్వాల్సినవి" అంది.

మ్వనైషా వద్దనలేదు. విత్తనాలు కుండలోకి వంపుకుంది. ఇద్దరూ కాసేపు కూర్చున్నారు. జుహురా వట్టి చేతులతో తిరిగొచ్చింది. ఈతాకులతో బకెరో అల్లిన ఆ బుట్ట మ్వనైషా గుమ్మం పక్కనే ఉంది, అల్లిక సందులో ఒక గింజతో.