తీర్పులో ఉన్న మాట

పరాయి దేశపు కోర్టు ఇచ్చిన విడాకులను మన కాన్సులేట్‌లో నమోదు చేయించాలంటే తీర్పుకు అనువాదం జతచేయాలి. ఆ దేశపు భాష చదవలేని ఆమె, తప్పంతా తన నెత్తినే రుద్ది ఉంటారని నెలల తరబడి కుమిలిపోయింది, ఎవరినీ అడగలేదు.

“మెల్లిగా చదవండి సార్,” అంది అనువాదకుడితో, పక్కనున్న పిన్నిని ఓరగా చూస్తూ.

“దాచేదేముందమ్మా? ‘ఎవరి తప్పూ లేదు, కలిసి బతకడం కుదరలేదు.’ అంతే రాశారు.”

“నిజంగానా? మీరేం కలపలేదుగా?”

“ఒక్క ముక్క కలిపినా నా లైసెన్సు ఊడుతుంది.”

“దీనికోసమేనటే తిండి మానేసి పుల్లలా అయ్యావు?” అని పిన్ని కసిరింది.

కాన్సులేట్ కిటికీ వెనక గుమాస్తా తీర్పునూ అనువాదాన్నీ సరిచూసి టపీమని ముద్ర వేశాడు. ఆమె అనువాదకుడి వైపు తిరిగింది.

“ఆ మాట ఇంకోసారి చదవండి సార్. ఈసారి గట్టిగా.”