రాగిరేకు మీద చెరిపిన మనిషి

మా ఆగ్స్‌బర్గ్ ఊళ్లో కోర్బీనియన్ హోస్లే అంత మొండిమనిషి ఇంకొకడు లేడు. ఇరవై ఏళ్లపాటు అతను చెక్కిన రాగిరేకులన్నీ మా అచ్చు యంత్రం మీదే అచ్చయ్యాయి కాబట్టి ఈ మాట నేను అనొచ్చు. మా ఆయన పోయాక ఆ యంత్రం తిప్పింది నేనే. హోస్లేకి పేరు తెచ్చినవి రంగుల చిత్రాలు, తిండి పెట్టింది మాత్రం ఈ చెక్కుడు పని.

యాభై దాటేసరికి అతనికి చూపు మందగించింది. భూతద్దం కింద కూడా గీతలు కలిసిపోయేవి. అప్పుడే బొమ్మలు గీయడం నేర్పే బడిలో మేష్టరు పని ఖాళీ అయింది. అది దొరికితే ముసలితనం గట్టెక్కినట్టే. ఇప్పించగలిగినవాడు నూలుమిల్లు యజమాని రీడ్లింగర్ ఒక్కడే.

కొత్త మిల్లు తెరిచిన రోజును చెక్కమన్నదీ అతనే. ఆ రోజు గీసుకున్న చిత్తుబొమ్మలు ముందు పెట్టుకుని హోస్లే ఏడాది పైగా చెక్కాడు. పెద్దమనుషులు, పాదిరీ, బ్యాండు మేళం, పనివాళ్లు. అందరికంటే ముందు, మిల్లులో పనిచేసే వాల్‌బుర్గా. పాత మిల్లు యంత్రంలో రెండు వేళ్లు పోగొట్టుకుని, కట్టు కట్టిన చేత్తో ఆ రోజు నిజంగానే అక్కడ నిలబడింది.

నమూనా అచ్చు చూసి రీడ్లింగర్ ముఖం మాడ్చుకున్నాడు. ఆ ఆడమనిషిని తీసెయ్యాలని, ఆదివారం విందులో పంచడానికి రెండు వందల కాగితాలు కావాలని, మేష్టరు పని సంగతి కూడా అక్కడే ప్రకటిస్తానని కబురు పెట్టాడు.

రాగి మీద గీత తీయాలంటే గోకాలి, నునుపు చెయ్యాలి, గుంట పడితే వెనకనుంచి సుత్తితో కొట్టి లేపాలి. తర్వాత ఆ చోట గోడో నేలో కొత్తగా చెక్కాలి. చెక్కకపోతే సిరా నిలవదు, కాగితం తెల్లగా మిగిలిపోతుంది. ఇది మా వీధిలో అందరికీ తెలుసు, రీడ్లింగర్‌కి తెలియదు.

శుక్రవారం హోస్లే రేకు తెచ్చాడు. మొదటి కాగితం ఎత్తి చూసి అడిగాను.

“గోడ ఏదయ్యా?”

“తీసెయ్యమన్నాడు, తీసేశాను వదినా. గోడ కట్టమనలేదు.”

“నాలుగు ఇటుకలు గీస్తే నీ చేతులు అరిగిపోతాయా? మేష్టరు పని పోతుంది.”

“పోనీ. ఇటుకలు గీస్తే ఆవిడ అసలు అక్కడికి రానట్టే అవుతుంది.”

నాకు ఒళ్లు మండింది. మిల్లు నూలు కట్టలకు అంటించే చీటీలు అచ్చు వేసే కదా నేను తింటున్నాను మరి. నోటికొచ్చినట్టు తిట్టాను. తిడుతూనే రెండు వందలూ అచ్చు వేసి, కట్టలు కట్టి విందు వేళకు పంపాను.

కాగితం విప్పిన ప్రతివాడి కళ్లూ ముందు ఆ తెల్లటి చోటు మీదే పడ్డాయట. తలగుడ్డ, భుజాలు, కట్టు కట్టిన చెయ్యి, అన్నీ తెల్లగా. ఇక్కడ ఎవరుండాలని అతిథులు రీడ్లింగర్‌ని అడిగారట. బీరు అందిస్తున్న పనివాళ్లే ఆమె పేరు, ఏ యంత్రమో, ఏ వేళ్లో వివరంగా చెప్పారు.

మేష్టరు పని ఇంకొకరికి పోయింది. నాకు చీటీలు ఆగిపోయాయి.

వారం తర్వాత వాల్‌బుర్గా మా కొట్టుకు వచ్చింది. అక్కడే ఉన్న హోస్లే తలదించుకుని, ఆమెను మళ్లీ చెక్కుతానన్నాడు. ఆమె కాగితం అందుకుని ఆ తెల్లటి చోటు మీద చెయ్యి పెట్టింది.

“వద్దయ్యా. గీస్తే నేనొక్కదాన్నే ఉంటాను. ఇప్పుడు మా మిల్లులో ఎవరు చూసినా, వాళ్ల అమ్మనో చెల్లెల్నో అందులో చూసుకుంటున్నారు.”

హోస్లే ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి. తర్వాత, మిల్లు పనివాళ్లకి తలా ఒకటి ఇద్దామని రేకుకు మళ్లీ సిరా పట్టించాను. రేకు ఇచ్చెయ్యమని రీడ్లింగర్ మనిషి వచ్చేసరికి యంత్రం తిరుగుతూనే ఉంది. ఆరని కాగితం ఒకటి అతని చేతిలో పెట్టి, మీ యజమానికి ఇవ్వమన్నాను.