గుమ్మం దగ్గరి చెప్పులు

అద్దాల తలుపు తెరిచి, నవ్వి, మళ్ళీ మూశాడు సూర్యం. పొద్దున్నుంచీ అదే పని. ఆ టవర్‌లో కింద బట్టల షాపులు, మధ్యలో ఆఫీసులు, పైన ఫ్లాట్లు. ఎవరొచ్చినా నవ్వు ఒకటే. నీలం యూనిఫాం మీద ఇత్తడి బొత్తాలు మెరుస్తున్నాయి. ఆ ఊరి గోల్ బజార్‌లో సగం జీవితం మూటలు మోసినవాడికి ఆ బొత్తాలంటే ఎంత మురిపెమో చెప్పనక్కర్లేదు.

తలుపు పక్కన ఒక జత రబ్బరు చెప్పులున్నాయి. ఎడమదాని పట్టీకి పిన్నీసు. అవి లాబీ ఊడ్చే అసిరమ్మవి. టవర్ కట్టకముందు ఇక్కడ రైల్వే క్వార్టర్లుండేవి. వాటి మధ్య వేపచెట్టు కింద, శ్రీకాకుళం నుంచి రైల్వే పనికి ఈ పరాయి రాష్ట్రానికి వచ్చిన అసిరమ్మ తాత నిలిపిన అమ్మవారి రాయి ఉండేది. రాయి ఏ లారీలో పోయిందో ఎవరికీ తెలియదు. ఆ చోటే ఇప్పుడు లాబీ; అసిరమ్మ మాత్రం అక్కడ చెప్పులతో నడవదు.

ఆమె సూర్యానికి సొంత అక్క. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచింది. ఆ సంగతి టవర్‌లో ఎవరికీ తెలియనివ్వలేదు సూర్యం. "డ్యూటీలో నన్ను పిలవకక్కా" అని మొదటిరోజే చెప్పేశాడు.

మేనేజరు చెప్పులు చూసి మొహం చిట్లించాడు. "యే చప్పల్ కిస్‌కీ హై?" అని, ఎవరివని అడిగాడు.

"మాలూమ్ నహీ సాబ్" అన్నాడు సూర్యం, తెలియనట్టే. బూటుకాలితో వాటిని పూలకుండీ వెనక్కి నెట్టాడు.

మధ్యాహ్నం అసిరమ్మ చెమటలు కక్కుతూ వచ్చింది. "సూరీ, గుండెల్లో మంటగా ఉందిరా. ఆ సోఫాలో ఓపాలి కూకుంటాను."

లిఫ్టులోంచి ఫ్లాట్లవాళ్ళు దిగుతున్నారు.

"ఇక్కడొద్దు. బేస్‌మెంట్లోకెల్లి కూకో" అన్నాడు ఆమెవైపు చూడకుండా.

"అచ్ఛా" అంది. చెప్పుల కోసం గుమ్మమంతా చూసింది, అడగలేదు. ఉత్తకాళ్ళతోనే మెట్లు దిగింది.

సాయంత్రం ఎవరో డ్రైవరు అరిచేదాకా ఎవరికీ తెలియలేదు. స్కూటర్ల మధ్య గోడకానుకుని, చీపురు ఒళ్ళో పెట్టుకుని ప్రాణం వదిలింది అసిరమ్మ. అంబులెన్సు వెనక గేటుకి వచ్చింది. ఈమెకెవరైనా ఉన్నారా అని మేనేజరు అడిగాడు.

"మేరీ దీదీ హై సాబ్" అన్నాడు సూర్యం, మా అక్కేనని.

మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేమన్నాడు మేనేజరు. ఒంటిమీది యూనిఫాం చూసుకుంటే సూర్యానికి సిగ్గేసింది, తన మీద తనకే అసహ్యం వేసింది.

అంబులెన్సులో ఎక్కే ముందు గుమ్మం దగ్గరికి వెళ్ళి బూట్లు విప్పాడు. లాబీ రాయి చల్లగా తగిలింది. వంగి పూలకుండీ వెనక చెయ్యి పెట్టాడు.

బూటుతో నెట్టినప్పుడే ఊడిందేమో, ఎడమ చెప్పు పట్టీ తెగి పడివుంది. పక్కనే విచ్చుకున్న పిన్నీసు.