మా నాన్న అలాంటివాడు కాదు

రాఘవులుకు పాటంటే పడదు. పదహారేళ్ల కూతురు చరిత పాటకు వచ్చే చప్పట్లంటే మాత్రం ప్రాణం. గిటార్ మీద పల్లె బాణీలో కంట్రీ పాటలు పాడే తెలుగుపిల్ల అని కెనడాలోని అంటారియో అంతా పేరు రాగానే, కౌబాయ్ టోపీ ఒకటి కొనుక్కుని ఆమెకు మేనేజరైపోయాడు. రేడియోవాళ్లు అడిగితే, "ఫస్ట్ గిటార్ నేనే కొనిచ్చిన" అని చెప్పుకున్నాడు. కొనిచ్చింది తల్లి సరోజన. మ్యాథ్స్‌లో మార్కులు తగ్గాయని దాన్ని మెట్లకేసి కొట్టి విరగ్గొట్టిన మహానుభావుడు ఈయన. ఆనాటి నుంచి ఆ పిల్ల తండ్రితో అవసరానికి మించి మాట్లాడలేదు. మాట్లాడకపోతే మరిచిపోయిందనుకున్నాడు. ఆమె దాని మీదే పాట కట్టింది.

ఆ పాటే ఈ మధ్యాహ్నం మిల్టన్ ఊరి దగ్గరి ఫెయిర్‌లో, అంటే అక్కడి తిరునాళ్లలో, మొదటిసారి పాడబోతోంది. వినడానికి టొరంటో నుంచి రికార్డు కంపెనీ ఆవిడ వచ్చింది. ముందు వరుసలో తెలుగు సంఘం అధ్యక్షుడు, రిటైర్డ్ డాక్టర్ సీతారామారావు గారు కూర్చున్నారు. ఆయన్ని రాఘవులే బతిమాలి పిలిచాడు. సంఘం ఈ ఏడు ఒకరికి ఉత్తమ తండ్రి అని శాలువా కప్పబోతోంది. అది తన భుజాల మీదే పడాలని రాఘవులు తాపత్రయం.

పొద్దున రిహార్సల్‌లో ఆయన ఆ పాట విన్నాడు. స్టేజి వెనక టెంటులో కూతురి మీదికి వచ్చాడు.

"ఇంట్ల ముచ్చట బజార్ల పెడ్తవా? ఆ పాట వద్దు."

"దట్స్ మై సాంగ్, డాడ్," అంది చరిత తలెత్తకుండా, తీగలు బిగించుకుంటూ.

"డాక్టర్ సారు ముందల్నే కూసున్నరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఇరగ్గొట్టినప్పుడు యాదికి రాలేదా ఇజ్జత్?" అంది పక్కనే ఉన్న సరోజన.

"నువ్వు నోర్ముయ్."

పాట ఆపడం తన తరం కాదని ఆయనకూ తెలుసు. కంపెనీ ఆవిడ వచ్చిందే దాని కోసం. అప్పుడు తట్టింది బ్రహ్మాండమైన ఉపాయం. మన సినిమాల మొదట్లో వేస్తారే, ఇందులోని పాత్రలన్నీ కల్పితమని, అదీ.

"సరే, పాడు. కానీ ముందల మైకుల చెప్పు. ఇది కల్పితం, మా నాన్న అసొంటోడు కాదు, గిటార్ ఇరగ్గొట్టలే, కొనిచ్చిందే ఆయన అని. లేకుంటే రేపటి షోకు కారు తియ్య."

చరిత మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది. "ఎగ్జాక్ట్‌లీ దట్?"

"ఒక్క ముక్క తగ్గొద్దు."

"ఓకే."

గెలిచాననుకుని రాఘవులు వెళ్లి డాక్టరు గారి పక్కన కూర్చున్నాడు. ఆయన ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూసుకుంటున్నారు. ఆ స్కోరు ధ్యాసలో పాట మాటలు ఆయన చెవిన పడేవే కావు. ఊరుకుని ఉంటే గండం గడిచిపోయేది.

చరిత మైకు ముందు నిలబడింది. ఇంగ్లీషులో, తీరిగ్గా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "ఈ పాట కల్పితం. మా నాన్న అలాంటివాడు కాదు. ఆయన నా గిటార్ విరగ్గొట్టలేదు. కొనిచ్చిందే ఆయన." కాస్త ఆగింది. "ఇలా చెప్పకపోతే రేపు కారు తియ్యనన్నారు."

జనం గొల్లున నవ్వారు. డాక్టరు గారు తలెత్తి ఫోన్ జేబులో పెట్టుకున్నారు. పాట మొదలైంది. మెట్ల మీద ముక్కలు ఏరుకునే చరణానికి నవ్వులన్నీ ఆగిపోయాయి. వెనక వరుసలో ఒక ముసలావిడ "షేమ్" అంది. రాఘవులుకు మెడ తిప్పే ధైర్యం లేకపోయింది. సిగ్గుతో చచ్చిపోతున్నాడు, కోపంతో రగిలిపోతున్నాడు.

"ఎందుకు విరగ్గొట్టావయ్యా?" అని అడిగారు డాక్టరు గారు.

"మ్యాథ్స్‌ల మార్కులు తక్కువొచ్చినయ్ సార్," అనేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు. డాక్టరు గారు పాట అయ్యేదాకా విని, ఈయనకు చెప్పకుండానే లేచి వెళ్లిపోయారు.

రాఘవులు టెంటులోకి దూసుకొచ్చేసరికి కంపెనీ ఆవిడ చరిత చేతులు పట్టుకుని ఉంది. పాట ముందు చెప్పిన ఆ మాటలు ప్రతి ఊళ్లోనూ ఉండాలట, రికార్డు కూడా వాటితోనే మొదలవ్వాలట. ఇంత బాగా ఎవరు రాశారని అడిగింది.

చరిత తండ్రి వైపు వేలు చూపించింది.

"మై మేనేజర్," అంది.