బ్రిడ్జికి పెట్టిన నామం

మా ఆయన శేషసాయి పగలు ట్రస్టు ఆఫీసులో ఫైళ్లు తిరగేస్తాడు, సాయంత్రం ఎలక్ట్రిక్ గిటారు మోగిస్తాడు. రెండింటిలోనూ నిలకడ తక్కువే. తీగ మీటితే స్వరం కాసేపు నిలవాలని ఆయన ఆశ. అదేమో నీళ్లు పోసిన పొయ్యిలా చప్పున ఆరిపోతుంది.

"శనివారం పుత్తూరు రిసెప్షన్లో మొదటి స్వరం సచ్చిపోయిందంటే, నీ బదులు కీబోర్డు పెట్టేస్తానప్పా" అన్నాడట బ్యాండు నడిపే దయానంద్. పదేళ్లుగా ఉన్న చోటు. ఆ రోజు ఇంటికొచ్చిన ఆయన ముఖం చూసి నాకు నవ్వొచ్చింది, వెంటనే జాలి కూడా వేసింది.

అందుకే కొత్త బ్రిడ్జి తెప్పించాడు. గిటారు పొట్ట మీద తీగలు ఆనే పలక అది. పాతది పలచని రేకు, ఇది బరువైన ఇత్తడి.

మామయ్య యతిరాజులు దాన్ని అరచేతిలో తూచి చూశారు. "మార్సాల్సింది ఇది కాదురా, నీ వేళ్లు" అన్నారు. మా ఇంట్లో మిక్సీ కొన్నా చీపురు కొన్నా ముందు ఒక రోజు దేవుడి అలమారలో ఉండాల్సిందే. బ్రిడ్జీ ఉంది.

శుక్రవారం సాయంత్రం బిగించి మీటాడు. టక్ మంది, అంతే. పాతదే నయం.

"ఎవడో నీకు బాగా నామం పెట్టినాడురా!" మామయ్య పకపకా నవ్వారు.

శేషసాయి గిటారును మంచం కిందికి తోసేశాడు. సాయంత్రమైతే గిటారు వదలని మనిషి అలా చేస్తే నాకు భయం.

గిటారు బయటికి లాగి, కళ్లద్దాలు పెట్టుకుని చూశాను. తీగలు కూర్చునే సన్నని గాడుల్లో తెల్లగా ఏదో గడ్డకట్టి ఉంది. గుండుసూదితో గీకితే పొడి రాలింది. తిరుమణి, నుదుట నామం దిద్దుకునే తెల్లమట్టి!

"మామయ్యా, ఈ నామం పెట్టిందెవరు?"

ఆయన గోడ మీది క్యాలెండరు వైపు తిరిగారు. "కొత్త వస్తువు గదమ్మా. తడి తిరుమణి రవ్వంత పెట్టినా. కారిపోయినట్టుండాది." అటే చూస్తూ, "వీడి సోటు పోకూడదని" అన్నారు.

పదేళ్లలో ఒక్కసారీ కొడుకు వాయిద్యం వినడానికి వెళ్లని మనిషి! శేషసాయి లేచి వెళ్లి పాత బ్రష్షు తెచ్చాడు.

దాంతో గాడులన్నీ శుభ్రం చేసి, తీగలు బిగించి మీటాడు. స్వరం నిలిచింది. ఆరిపోతుందని ముగ్గురమూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం.

"ఇంకా ఉండాదే!" అన్నారు మామయ్య. "రేపు నేనూ వస్తాన్రా. ఆ కీబోర్డోడికి పెడదాం నామం."