రాగి గొట్టం, తడి ఇసుక

మా అన్నయ్య లెక్కలో మనుషులకు ఏమీ చేతకాదు. పూర్వం ఎవరో మహానుభావులు ఉండేవారట, వాళ్ళ దగ్గర వెలుగుతో రాయిని కోసే యంత్రాలుండేవట, ఏదో ప్రళయంలో అన్నీ కొట్టుకుపోయాయట. ఈ సంగతి వారానికి రెండు వీడియోల్లో చెబుతాడు. పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. మొదట్లో నవ్వుకున్నాను. మనిషి దిగులుపడి మూల కూర్చోకుండా ఏదో ఒకటి చేస్తున్నాడు, అదే పదివేలు అనుకున్నాను.

నీళ్ళ పైపు కోసం పెరడు తవ్వించిన రోజున నా నవ్వు ఆగిపోయింది. మోకాలి లోతులో జానెడు మందం నల్లరాయి ఒకటి బయటపడింది. నడిమధ్యన ఇటునుంచి అటు గుండ్రటి బెజ్జం, నా బొటనవేలు దూరేంత. లోపలంతా చుట్లు చుట్లుగా సన్నటి గీతలు. అన్నయ్య మట్టిలోనే చతికిలబడి రాయిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"చూశావా చెల్లీ! పన్నెండు వేల ఏళ్ళ నాటిది. మన పెరట్లో!"

"ఇరవై ఆరేళ్ళ నాటిది. అది నాన్న చేసింది," అన్నాను.

నాన్న క్వారీలో రాళ్ళు చెక్కేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అక్కడికి కొత్తగా డ్రిల్లింగ్ మిషన్ వచ్చింది. ఇక మీ చేతులతో ఏం పనిలే అని మేస్త్రీ ఎగతాళి చేశాడు. నాన్నకు తిక్కరేగింది. రాగి గొట్టం ఒకటి సంపాదించి, కర్రకు బిగించి, దాని చుట్టూ విల్లు తాడు మెలేసి, పని నుంచి వచ్చాక రోజూ పెరట్లో కూర్చుని ఆ విల్లును ముందుకూ వెనక్కూ లాగేవాడు. రాయిని కోసేది రాగి కాదు, గొట్టం అంచున నలిగే తడి ఇసుక. ఆ ఇసుక చల్లడం, గిన్నెతో నీళ్ళు పోయడం నా పని. గంటసేపు లాగితే బియ్యపుగింజ మందం దిగేది. ఎనిమిది నెలలు పట్టింది. మోసుకెళ్ళి చూపిస్తే, మా మిషనుకి అరగంట పని అన్నాడట మేస్త్రీ. నాన్న తిరిగొచ్చి రాయిని పెరట్లో పాతిపెట్టాడు. అన్నయ్య అప్పుడు హాస్టల్లో ఉన్నాడు.

ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి పొట్టపోసుకునేదాన్ని, ఆ గీతలు ఇసుకవో కావో నాకు తెలియదా?

"నువ్వు చిన్నపిల్లవి. నాన్న ఏదో రాయి అరగదీస్తుంటే చూసుంటావ్," అన్నాడు అన్నయ్య. "పరిశోధకుడు ఒకాయన ఆదివారం వస్తున్నాడు. ఈ రాయిని వాళ్ళ మ్యూజియంలో పెడతారట."

నాన్న ముందుగదిలో మంచం మీద అన్నీ వింటున్నాడు. పోయినేడు పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడిపోయింది, మాట పోయింది. చెవులకూ బుర్రకూ ఏ లోటూ లేదు, అదే వచ్చిన చిక్కు. మనిషి వల్ల కాదు, మనిషి వల్ల కాదు అని కొడుకు రోజంతా ఫోనుకి చెబుతుంటే గోడవైపు చూస్తూ పడుకునేవాడు.

శనివారం గునపం తీసుకుని, ఒకప్పుడు నాన్న చెక్కి వేసిన పెరటి మెట్టు పెకలించాను. దాని అడుగున మూడు చుక్కలు, కింద ఒక గీత. ఏ రాయి ఎవరు చెక్కారో తెలియడానికి క్వారీలో తలా ఒక గుర్తు ఉండేది, అది నాన్న గుర్తు. నల్లరాయి అడుగునా అదే ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి అన్నయ్యను పిలిచాను. చాలాసేపు చూశాడు. వాడి కళ్ళు చెమర్చాయి. గెలిచాననుకున్నాను.

"ఆ మహానుభావుల లిపి," అన్నాడు మెల్లగా. "నాన్నకే తెలీకుండా నాన్న చేతికొచ్చింది. మన రక్తంలో ఉంది చెల్లీ!"

ఏ గోడకు తల కొట్టుకోవాలో తెలియలేదు. "సరే, నాన్ననే అడుగు," అన్నాను విసుగ్గా. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

ఆదివారం పొద్దున టోపీ పెట్టుకుని పరిశోధకుడు వచ్చాడు, వెంట కెమెరా మనిషి. అన్నయ్య నాన్నకు శుభ్రమైన చొక్కా తొడిగి, తల దువ్వి, దిండ్లు ఎత్తుపెట్టి కూర్చోబెట్టాడు. రాయిని పక్కన పెట్టాడు. నాన్న ఎడమచెయ్యి బెజ్జాన్ని తడిమింది, అడుగుకు పోయి మూడు చుక్కల మీద ఆగింది. ఏడాదిగా చూడని వెలుగు ఆ మొహంలో కనిపించింది.

"నాన్నా, నలభై ఏళ్ళు రాళ్ళు చెక్కావు. నువ్వే చెప్పు. ఇది మనిషి చేత్తో అయ్యే పనేనా?"

నాన్న ఎడమచెయ్యి ఎత్తాడు. పిడికిలి బిగించి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు ఆడించాడు. తొందరలేని ఆ లాగుడు నాకు తెలుసు. నా వేళ్ళు వాటంతటవే గిన్నె పట్టుకున్నట్టు వంగాయి.

"చూశారా!" అన్నయ్య కెమెరా వైపు తిరిగాడు. "కాదంటున్నారు! మా నాన్నగారే కాదంటున్నారు!"

"కాదు అనడం లేదు! విల్లు లాగి చూపిస్తున్నాడ్రా!" అని అరిచాను.

"కాస్త పక్కకు జరగండమ్మా, ఫ్రేములోకి వస్తున్నారు," అన్నాడు టోపీ ఆయన.

నాన్న అన్నయ్య మొహంలోకి చూస్తూ ఇంకా గట్టిగా లాగాడు. మంచం కిర్రుమంది. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా కాదంటున్నాడని తీసుకుంటున్నారు వాళ్ళు. నాన్న గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. అన్నయ్య వంగి ఆయన నుదుటి మీద ముద్దుపెట్టుకున్నాడు. "చాలు నాన్నా, అలిసిపోతావ్. లక్షమంది నిన్ను చూస్తారు," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

రాయిని దుప్పట్లో చుట్టి బండిలో పెట్టుకున్నారు. అన్నయ్య కూడా వాళ్ళతో వెళ్ళాడు. నేను తలుపు వేసి వచ్చేసరికి నాన్న చెయ్యి ఇంకా ఆడుతూనే ఉంది, ఇటూ అటూ, ఇటూ అటూ. పట్టుకుంటే విదిలించుకున్నాడు. నాకేం చెయ్యాలో తోచలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెతో నీళ్ళు తెచ్చాను. పొయ్యడానికి రాయి లేదు.